నీలం గౌను, పేర్ల గుడ్డ: దక్షిణాఫ్రికాలో కొన్ని రోజులు

గురువారం, జొహానెస్‌బర్గ్

జైలు ఇటుకలతో కోర్టు కట్టుకున్న ఊరు ఇది. బ్రామ్‌ఫాంటైన్, హిల్‌బ్రో పేటల నడుమ ఉన్న గుట్టని ఇప్పుడు కాన్‌స్టిట్యూషన్ హిల్ అంటున్నారు. దాదాపు తొంభై ఏళ్లు అక్కడ ఉన్నది జైలే. తెల్లవాళ్లకి ఓల్డ్ ఫోర్ట్, నల్లవాళ్లకి నంబర్ ఫోర్, ఆడవాళ్లకి వేరే జైలు, విచారణ ఖైదీలకి ఇంకో బ్లాకు. 1908లో గాంధీని పెట్టింది నంబర్ ఫోర్‌లో. 1956లో దేశద్రోహం కేసు పెట్టి మండేలాను, మిగతా నిందితులను తెచ్చి పడేసింది కూడా ఈ గుట్ట మీదే. 1983లో జైలు మూతపడింది. వర్ణవివక్ష పాలన పోయాక, కొత్త రాజ్యాంగ న్యాయస్థానానికి చోటు వెతుకుతూ న్యాయమూర్తులు ఏరికోరి ఇక్కడికే వచ్చారు. విచారణ ఖైదీల బ్లాకును పడగొట్టి ఆ ఇటుకలతో కోర్టు గోడలు లేపారు. ఆ బ్లాకు మెట్లదారులు నాలుగింటిని మాత్రం కూల్చకుండా ఉంచేశారు. 2004 మార్చి 21న కోర్టు భవనం ప్రారంభించారు. 1960లో సరిగ్గా అదే తేదీన షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఈ దేశంలో తేదీలు ఊరికే పెట్టరని తర్వాతి రోజుల్లో ఇంకా బాగా తెలిసొచ్చింది.

నేను పత్రికలకి బొమ్మలు వేసేవాణ్ణి. మా బావమరిది ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "బావా, ఇంత దూరం వచ్చి సింహాలు చూడకుండా జైళ్లు చూస్తానంటావేంటి" అని వాడి గోల. నా సందేహం నాది. అణచివేత ముగిశాక కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ అదే ఊళ్లో, అదే కూరగాయల మార్కెట్‌లో ఎదురుపడుతూ బతకాలి. కోర్టులు, కమిషన్లు చేసేది కొంత ఉంటుంది. బొమ్మలు చేసేదేమైనా ఉందా? కళ గాయాలను మాన్పుతుందని చెప్పే వ్యాసాలు చాలానే చదివాను. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

నంబర్ ఫోర్‌లో ముందు దుప్పట్లు కనిపించాయి. ఖైదీలకి ఇచ్చిన ముతక దుప్పట్లను మడిచి, చుట్టి, నిలబెట్టి యుద్ధ ట్యాంకుల్లాంటి ఆకారాలు చేసేవాళ్లట. వార్డర్లు తనిఖీకి వచ్చి ఏది బాగుందో చూసేవాళ్లు. అలాంటివి మళ్లీ చేయించి గదిలో నేల మీద పెట్టారు. మడతలు ఎంత బిగువుగా ఉన్నాయంటే, దగ్గరికెళ్లి చూస్తే తప్ప అది దుప్పటి అని తెలియదు. నాకు ముచ్చటేసింది, వెంటనే చిరాకూ వేసింది. కాపలావాడి మెప్పు కోసం చేసిన బొమ్మ అది. చేసినవాడు ఆ రాత్రి అదే దుప్పటి విప్పి కప్పుకుని ఉంటాడు.

ఆడవాళ్ల జైలు సంగతి వేరు. డర్బన్‌కి చెందిన సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మీర్‌ను 1976లో విచారణ లేకుండా ఇక్కడ నిర్బంధించారు. ఆవిడ లోపల దొంగచాటుగా రంగుల బొమ్మలు వేసి బయటికి పంపించింది. వరండాలో క్యూ కట్టిన ఆడవాళ్లు, బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, ఇలా అన్నీ రోజువారీ పనులే. ఆవిడ చిత్రకారిణి కాదు, గీత చూస్తేనే తెలుస్తుంది. కానీ ఆ జైల్లో ఎవరు ఏ పని చేశారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పే ఫొటోలు మనకి లేవు. ఈ బొమ్మలున్నాయి.

ఇక కోర్టు. ముఖద్వారం చెక్క తలుపుల మీద రాజ్యాంగం ఇచ్చిన 27 హక్కులు చెక్కి ఉన్నాయి. విచారణ హాల్లో న్యాయమూర్తుల బల్లకి ముందువైపు ఆవు తోళ్లు తాపడం చేశారు, ఏ రెండిటి మచ్చలూ ఒకలా లేవు. గోడలో అడ్డంగా ఒక సన్నటి కిటికీ ఉంది. బయట నేల మట్టానికి పెట్టడం వల్ల లోపల కూర్చున్నవాళ్లకి దారిన పోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. ఎవరి కాళ్లో చెప్పలేం.

ఈ కోర్టుకి బొమ్మలు సమకూర్చింది న్యాయమూర్తి ఆల్బీ శాక్స్. 1988లో మపూటోలో ఆయన కారులో దక్షిణాఫ్రికా భద్రతా దళాలు పెట్టిన బాంబు పేలి కుడి చెయ్యి, ఒక కన్ను పోయాయి. కోర్టు అలంకరణకి మొదట చేతికొచ్చింది 10,000 ర్యాండ్లు. దాంతో జోసెఫ్ న్‌లోవు అనే కళాకారుడి చేత ఒక నేత తెర చేయించారు. తర్వాత దేశంలోని కళాకారులు చాలామంది తమ పనులు ఉచితంగానే ఇచ్చారు. ఆ బాంబు పథకంలో పాలుపంచుకున్న మనిషి ఒక రోజు శాక్స్‌ను వెతుక్కుంటూ ఆయన ఆఫీసుకి వచ్చాడు. ముందు సత్యశోధన కమిషన్ (వర్ణవివక్ష కాలపు నేరాలు విచారించి, నిజం చెప్పినవాళ్ల క్షమాభిక్ష దరఖాస్తులు పరిశీలించిన సంస్థ) దగ్గరికి వెళ్లి నిజం చెప్పు, తర్వాతే చెయ్యి కలుపుతానని శాక్స్ పంపేశాడు. అతను వెళ్లి చెప్పాడు. ఆ తర్వాత ఒక విందులో కనపడితే ఈయన తనకున్న ఒక్క చెయ్యి ఇచ్చాడు.

నేను వచ్చింది ముఖ్యంగా నీలం గౌను కోసం. జూడిత్ మేసన్ 1998లో చేసిన ఈ పనికి 'పాడిన పురుషుడు, నోరు విప్పని స్త్రీ' అని పేరు. రెండు తైలవర్ణ చిత్రాలు, ఒక గౌను కలిపి ఒక్కటే పని.

నోరు విప్పని స్త్రీ ఫిలా న్‌ద్వాండ్వే. మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగంలో కమాండర్. 1988లో ఇంకా పాలు తాగే బిడ్డ ఉండగా పోలీసులు ఆమెను స్వాజీలాండ్‌ నుంచి ఎత్తుకొచ్చారు. ఇన్‌ఫార్మర్‌గా మారమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. బట్టలు లేకుండా ఉంచారు. చివరికి పీటర్‌మారిట్జ్‌బర్గ్ దగ్గర ఒక పొలంలో కాల్చి పాతేశారు. చాలా ఏళ్లపాటు ఆమె పోలీసుల వైపు వెళ్లిపోయిందనే పుకారు తిరిగింది. 1997లో, క్షమాభిక్ష కోసం నిజం చెప్పాల్సి వచ్చి, ఆ పోలీసులే గుంత చూపించారు. తవ్వితే ఎముకలతో పాటు నడుము దగ్గర ఒక నీలం ప్లాస్టిక్ సంచి దొరికింది. మానం కాపాడుకోవడానికి ఆమె దాన్నే గోచీలా కట్టుకుంది. ధైర్యంగా ఉందని, ఎంతకీ మాట్లాడలేదని చంపినవాళ్లలో ఒకడు కమిషన్ ముందు చెప్పాడు.

రేడియోలో ఆ వాంగ్మూలం విన్న మేసన్ నీలం ప్లాస్టిక్ సంచులు కొనుక్కొచ్చి గౌను కుట్టింది. హ్యాంగర్‌కి వేలాడుతుంది ఆ గౌను. కుచ్చిళ్లు, నడుం పట్టీ, భుజాల దగ్గర సన్నటి పట్టీలు అన్నీ ఉన్నాయి. పెళ్లికో పేరంటానికో వేసుకునే రకం. దగ్గరికి వెళ్తే కుట్టు దారం వెంట ప్లాస్టిక్ ముడతలు పడి, చిన్న చిన్న చిల్లులు కనిపిస్తాయి. అంచు పొడుగునా మేసన్ ఆమెను సోదరీ అని పిలుస్తూ ఒక ఉత్తరం రాసింది. నీ మౌనమూ ఒక చెత్త ముక్కా, ఇవే నీ ఆయుధాలయ్యాయి అన్నట్టుగా సాగుతుంది. చిత్రాల్లో గౌను గాలికి ఎగురుతుంటుంది, ఒక హైనా దాని మీద పడుతూ ఉంటుంది. పాడిన పురుషుడు హెరాల్డ్ సెఫోలా. కరెంటు పెట్టి చంపబోతుంటే, జాతీయ గీతంగా నల్లవాళ్లు పాడుకునే పాట పాడనివ్వమని అడిగాడట.

ఆ గౌను ఎదుట చాలాసేపు ఉన్నాను. క్షమించమని అది ఎవర్నీ అడగదు, క్షమించానని ఎవరి తరఫునా చెప్పదు. ఒక మనిషిని నగ్నంగా పాతేసినవాళ్లు ఉన్న దేశంలో, ఆమెకి ఎవరో బట్ట కుట్టారు. నా సందేహానికి జవాబు దొరికిందని చెప్పను గానీ, సందేహం కాస్త రూపు మార్చుకుంది.

శుక్రవారం, సొవెటో

పొద్దున అపార్థైడ్ (వర్ణవివక్ష) మ్యూజియం. టికెట్ కొంటే యంత్రం ఇష్టమొచ్చినట్టు 'శ్వేతజాతి' అనో 'శ్వేతజాతేతరులు' అనో రాసి ఇస్తుంది, గేట్లు వేరు. నాదీ మా బావమరిదిదీ ఒకటే రంగు, గేట్లు మాత్రం వేరయ్యాయి. వాడు తెల్లవాళ్ల దారిలో నవ్వుతూ వెళ్లాడు, అవతల మొహం ముడుచుకుని బయటికొచ్చాడు. ఈ మ్యూజియం పక్కనే జూదశాల ఉంది. అసలు జూదశాల లైసెన్సు కోసం వేసిన బిడ్‌లో భాగంగానే మ్యూజియం కట్టారు. 2001లో తెరిచారు. ఆ సంగతి తెలిశాక కూడా లోపలి ఉరితాళ్ల గదిలో కాళ్లు ఆడలేదు.

మధ్యాహ్నం సొవెటోలో హెక్టర్ పీటర్సన్ స్మారకం. 1976 జూన్ 16న, బడుల్లో తెల్ల పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్ లో బోధన రుద్దడాన్ని నిరసిస్తూ పిల్లలు ఊరేగింపు తీస్తే పోలీసులు కాల్పులు జరిపారు. పన్నెండేళ్ల హెక్టర్‌ను చేతుల మీద మోసుకుని పరిగెడుతున్న కుర్రాడు, పక్కన అరచెయ్యి ముందుకి చాపి ఏడుస్తూ హెక్టర్ అక్క. శామ్ న్జీమా తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటో ఖరీదు కూడా అక్కడే తెలుసుకోవాలి. న్జీమాను పోలీసులు వెంటాడారు, జొహానెస్‌బర్గ్ వదిలి సొంతూరికి పోవాల్సి వచ్చింది, ఫొటోగ్రాఫర్‌గా బతుకు అక్కడితో ఆగిపోయింది. ఫొటో మీద హక్కులు చేతికొచ్చింది తొంభైల చివరలో. పిల్లాణ్ణి మోసిన ఎంబుయీసా మఖూబో దేశం వదిలి పారిపోయాడు, నైజీరియా నుంచి తల్లికి ఒక ఉత్తరం వచ్చాక జాడ లేదు. ప్రపంచాన్ని కదిలించిన బొమ్మ అని రాసేస్తాం. కదిలిపోయింది ముందు ఆ బొమ్మలో ఉన్నవాళ్లు, దాన్ని తీసినవాడు.

శనివారం, ప్రిటోరియా

ఇక్కడ రెండు గుట్టలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని మీద వూర్‌ట్రెకర్ స్మారకం, 1949లో ప్రారంభించారు, వర్ణవివక్ష పార్టీ గద్దెనెక్కిన మరుసటి ఏడే. బయటి నుంచి చూస్తే పెద్ద గ్రానైట్ దిమ్మ. లోపల చుట్టూ పాలరాతి మీద 27 పలకల కథ చెక్కారు. బండ్లు కట్టుకుని దేశం లోపలికి వలసపోయిన బోయర్లు (డచ్చి సంతతి తెల్లవాళ్లు), వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు, వాళ్లని మోసం చేసిన జూలూ రాజు. రాతి పనితనం గొప్పగా ఉంది, ఆ మాట దాచడం అన్యాయం. వేళ్లు, గుర్రాల జూలు, బండి చక్రాల ఆకులు అన్నీ చూసి తీరాలి. ఆ పనితనమే అబద్ధానికి బలం ఇస్తుంది. 1838 డిసెంబర్ 16న బ్లడ్ రివర్ దగ్గర జూలూలను ఓడించిన రోజుకి గుర్తుగా, ఏటా అదే తేదీ మధ్యాహ్నం కప్పు రంధ్రం నుంచి ఎండ కిందనున్న రాతి సమాధి మీద పడేలా కట్టారు.

మండేలా వాళ్ల సాయుధ విభాగం 1961లో మొదలైంది కూడా డిసెంబర్ 16నే, కావాలనే. కొత్త ప్రభుత్వం ఆ సెలవుని రద్దు చేయకుండా 'సయోధ్య దినం' అని పేరు మార్చింది. ఇద్దరికీ చెందిన తేదీని ఇద్దరికీ ఉంచారు. తెలివైన పని.

ఎదురు గుట్ట మీద ఫ్రీడమ్ పార్క్. స్వాతంత్ర్యం కోసం పోయినవాళ్ల పేర్లు గోడల మీద చెక్కారు, పదుల వేలల్లో ఉన్నాయి. వర్ణవివక్ష సైన్యంతో అంగోలాలో పోరాడి చనిపోయిన క్యూబా సైనికుల పేర్లూ ఉన్నాయి. అవతలి పక్షాన చచ్చిన తెల్ల కుర్రాళ్ల పేర్లు లేవు. వాళ్లలో చాలామంది నిర్బంధంగా సైన్యంలో చేరినవాళ్లే. దాని మీద పెద్ద గొడవైంది. చివరికి వాళ్ల వాళ్లు వూర్‌ట్రెకర్ గుట్ట మీద వేరే గోడ కట్టుకున్నారు. 2011లో రెండు గుట్టలనీ కలుపుతూ ఒక రోడ్డు వేసి దానికి రీకన్సిలియేషన్ రోడ్ అని పేరు పెట్టారు. మేము ఆ దారినే వచ్చాం. ఎదురొచ్చిన బండ్లు తక్కువే.

నాకు ఫ్రీడమ్ పార్క్ పెద్దగా ఎక్కలేదు. అంతా సరిగ్గా ఉంది, అందుకేనేమో. ఎవరి చెయ్యీ తగిలినట్టు లేదు.

ఆదివారం, డర్బన్ దారి

తెల్లారగట్ల బయల్దేరాం. పెరుగన్నం, ఆవకాయ, చపాతీలు మా బావమరిది భార్య కట్టిచ్చింది. "అన్నయ్య గారూ, దారిలో ఆ పెట్రోలు బంకు తిండి తినకండి" అని మరీ చెప్పింది.

హోవిక్ దగ్గర పాత రోడ్డు మీద ఆగాం. 1962 ఆగస్టు 5న మండేలాను పట్టుకున్న చోటు ఇదే. డ్రైవర్ వేషంలో ఉన్నాడు, పేరు డేవిడ్ మొత్సమాయి అని చెప్పాడు. యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ మార్కో చన్‌ఫనెల్లి శిల్పం పెట్టారు. దగ్గరికెళ్తే ఏమీ లేదు, తొమ్మిదిన్నర మీటర్ల దాకా ఎత్తున్న 50 ఇనప కమ్మీలు, వంకర టింకరగా కోసినవి. వెనక్కి నడుస్తూ పోతే, సుమారు 35 మీటర్ల దూరంలో అవన్నీ ఒక్కసారి కలిసి మండేలా మొహం అవుతాయి. ఒక అడుగు పక్కకి వేస్తే మొహం చెదిరిపోతుంది. మా బావమరిది ముందుకీ వెనక్కీ పరిగెడుతూ వీడియో తీశాడు. వాడికి ఈ ప్రయాణంలో బాగా నచ్చింది ఇదే. నాకూ నచ్చింది, కానీ కనికట్టు చూసినప్పటి నచ్చడం.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో కాసేపు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని రైల్లోంచి దించేసింది ఇక్కడే. భారతీయులు అందరూ వచ్చి ఆ ఫలకం పక్కన ఫొటో దిగుతారు, మేమూ దిగాం. ఫిలా న్‌ద్వాండ్వేను పాతిపెట్టిన పొలం ఈ ఊరి చుట్టుపక్కలే. దానికి దారి చూపే బోర్డు మాకు ఎక్కడా కనిపించలేదు.

సోమవారం, డర్బన్

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో ఈ రేవుకి వచ్చింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మందిని చెరుకు తోటల కోసం ఒప్పంద కూలీలుగా తెచ్చారు. అందులో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. 1931లో వాళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ నడుస్తోంది. పరిచయస్తుల ద్వారా ఒక పెద్దావిడ ఇంటికి భోజనానికి వెళ్లాం, చాట్స్‌వర్త్‌లో. నాలుగో తరం. తెలుగు వినగానే మొహం వెలిగింది గానీ, పది మాటలు దాటి రాలేదు. "మా అవ్వ, దా బిడ్డా అన్నం తిను, అనేది" అంది. పప్పుచారు మాత్రం మనింట్లో పెట్టినట్టే ఉంది.

చాట్స్‌వర్త్ కూడా వర్ణవివక్ష కట్టిన ఊరే. ఏ జాతి ఎక్కడ ఉండాలో విడదీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద నగరంలోని భారతీయులను ఖాళీ చేయించి అరవైల్లో ఇక్కడికి తోలారు. ఆవిడ చిన్నప్పటి ఇల్లు కేటో మేనర్‌లో, మామిడి చెట్టుతో సహా బుల్డోజర్ కింద పోయింది. "మాది నష్టమే. కానీ నల్లవాళ్లకి జరిగినదాని ముందు మా ఏడుపు ఎంత చెప్పు అయ్యా" అని ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. 1984లో భారతీయులకంటూ ఉత్తుత్తి చట్టసభ ఒకటి పెడితే అందులోకి వెళ్లి కూర్చున్న మనవాళ్లూ ఉన్నారు, దాన్ని బహిష్కరించి జైలుకెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. ఆవిడ అన్నదమ్ములు ఇద్దరూ చెరో వైపు. ఇప్పటికీ ఒకే పెళ్లిలో వేరు వేరు వరసల్లో కూర్చుంటారట.

ఆవిడ ద్వారానే జ్ఞాపకాల గుడ్డలు కొన్ని చూడగలిగాను. శిల్పి ఆండ్రీస్ బోటా ఈ నగరంలో మొదలుపెట్టిన పని ఇది, జూలూలో అమజ్వి అబెసిఫజానె అంటారు, ఆడవాళ్ల గొంతులు అని. సత్యశోధన కమిషన్ ముందుకి రాలేని, వచ్చినా తమ మొగుడి గురించో కొడుకు గురించో తప్ప తమ గురించి చెప్పుకోని పల్లెటూరి ఆడవాళ్లు తమకి జరిగింది గుడ్డ మీద కుట్టారు. అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. నేను చూసినదాంట్లో గుండ్రటి పూరిల్లు, దాని కప్పు మీద ఎర్రదారంతో మంట, పసుపు పోలీసు బండి. ఇంటి ముందు ఒక ఆవిడ, చేతుల్లేవు. చేతులు కుట్టడం రాక వదిలేసిందో, కావాలనే వదిలేసిందో. పూసలతో కన్నీళ్లు కుట్టింది, ఒక్కో పూసకీ వెనక ముడి ఉంది. గుడ్డ తిప్పి చూస్తే ముందువైపు కంటే వెనకవైపు ముడులే ఎక్కువ.

ఇదే ఆండ్రీస్ బోటా వారిక్ జంక్షన్ దగ్గర నగరపాలక సంస్థ కోసం వైరు వలల్లో రాళ్లు నింపి మూడు ఏనుగులు కట్టాడు. 2010లో, పని ముగింపుకి వస్తుండగా, ఆపేయమన్నారు. ఏనుగు ప్రతిపక్ష ఇంకాథా పార్టీ గుర్తు అని అధికారంలో ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వాళ్లకి గుచ్చుకుంది. ఈ రెండు పార్టీల మధ్య ఎనభైల చివర, తొంభైల మొదట్లో ఈ రాష్ట్రంలో వేలమంది చచ్చారు, దానికి వెనక నుంచి పోలీసులు పెట్రోలు పోశారు. కాబట్టి నవ్వి వదిలేసే విషయం కాదు. ఏనుగులు ఏళ్ల తరబడి సగంలో, తూట్లు పడి నిలబడ్డాయి, కేసులు నడిచాయి. మన దగ్గర విగ్రహాలకి ముసుగులు వేసే రాజకీయం తెలిసినవాణ్ణి కాబట్టి ఎవరూ వివరించక్కర్లేకపోయింది. అదే మనిషి చేసిన రెండు పనుల్లో చిన్న గుడ్డలకి ఎవరూ అడ్డుపడలేదు.

సాయంత్రం బన్నీ చౌ తిన్నాం, రొట్టె లోపల గుల్ల చేసి మాంసం కూర పోస్తారు. మా బావమరిది రాత్రికి కారేసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆఫీసు.

మంగళవారం, కేప్‌టౌన్

పొద్దుటి విమానం. బ్యాగు పడేసి నేరుగా యూనివర్సిటీకి. 2015 ఏప్రిల్ 9న విద్యార్థుల ఉద్యమం తర్వాత బ్రిటిష్ వలసపాలకుడు సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని ఇక్కడి నుంచి క్రేన్‌తో లేపేశారు. లేపుతుండగా సెతెంబిలె ఎంసెజానె అనే కళాకారిణి పక్షి రెక్కలు కట్టుకుని, ఎత్తు మడమల చెప్పులతో పక్కనే వేరే దిమ్మ మీద గంటల తరబడి నిలబడింది. ఆ ఫొటోలు చాలామంది చూసే ఉంటారు.

తర్వాతి ఏడాది జరిగింది అంతగా ప్రచారం కాలేదు. 2016 ఫిబ్రవరిలో, వసతి గదుల కోసం ఆందోళన చేస్తున్న విద్యార్థులు హాస్టళ్ల గోడల మీది చిత్రాలు తీసుకొచ్చి తగలబెట్టారు. తెల్ల పెద్దమనుషుల చిత్రపటాలతో పాటు కెరెసెమోసె రిచర్డ్ బహోలో వేసిన చిత్రాలూ బూడిదయ్యాయి. ఈ యూనివర్సిటీలో చిత్రకళలో మాస్టర్స్ చేసిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయన. కాలిపోయినవాటిలో వర్ణవివక్షకి వ్యతిరేకంగా జరిగిన నిరసనల చిత్రాలున్నాయి. మెట్ల మీద కూర్చున్న ఒక విద్యార్థిని అడిగాను, అది తప్పనిపించలేదా అని. అప్పుడు తను ఇంకా బడిలో ఉందట. "చిత్రం పోయిందని అందరూ బాధపడ్డారు సర్, మంచం లేదని ఎవరు బాధపడ్డారు?" అంది. వాదించడానికి నా దగ్గర మాటలున్నాయి, వాదించలేదు. బహోలో చిత్రాల గురించి ఇప్పటికీ బాధే.

సాయంత్రం క్వీన్ విక్టోరియా వీధిలో కోర్టు అనుబంధ భవనం బయట రెండు సిమెంటు బెంచీలు చూశాను. ఒకదాని మీద 'తెల్లవారికి మాత్రమే', ఇంకోదాని మీద 'తెల్లవారు కానివారికి మాత్రమే'. రోడరిక్ సాల్స్ చేసిన స్మారకం ఇది. అరవైల్లో ఎవరు ఏ జాతో తేల్చే అప్పీళ్లు ఈ భవనంలోనే విన్నారు. జుట్టులో పెన్సిల్ గుచ్చి జారిపోతే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి అనేవాళ్లు. నేను కాసేపు అటూ కాసేపు ఇటూ కూర్చున్నాను. తెల్లవారి బెంచీ మీద ఒకాయన బర్గర్ తింటున్నాడు, నల్లాయన. రాత చదివాడో లేదో.

బుధవారం, గుగులెతు

1986 మార్చి 3న పోలీసులు ఏడుగురు కుర్రాళ్లను కేప్‌టౌన్ శివారులోని ఈ పేటలో మాటువేసి కాల్చేశారు. పోలీసులే తమ మనుషుల్ని వాళ్లలో కలిపి, ఆయుధాలిచ్చి, ఉచ్చులోకి లాగారని కమిషన్ విచారణలో బయటపడింది. ఆ రోజు తీసిన వీడియో చూపిస్తే తల్లులు హాల్లోనే కూలబడ్డారు, ఒకావిడ చెప్పు తీసి పోలీసుల మీదికి విసిరింది. తర్వాత ఆ పోలీసుల్లో ఒక నల్లాయన తల్లులను కలిసి క్షమించమని అడిగితే, కష్టమ్మీద, కొందరు క్షమించారు.

స్మారకం రోడ్డు పక్కనే. నిలువెత్తు గ్రానైట్ పలకలు ఏడు, ఒక్కోదానిలోంచి మనిషి ఆకారం కోసి తీసేశారు. ఆ ఖాళీలోంచి అవతలి ఇళ్లు, బట్టలారేసిన తీగ, కోళ్లు కనిపిస్తాయి. పిల్లలు వాటిల్లోంచి దూరి ఆడుకుంటున్నారు. నన్ను తీసుకెళ్లిన టాక్సీ ఆయన వాళ్లని కసరలేదు. నాకైతే దేశం మొత్తంలో బయట పెట్టిన స్మారకాల్లో ఇదే బాగుంది.

ఒక లెక్క కూడా చెప్పాలి. డెస్మండ్ టూటూ అధ్యక్షతన నడిచిన కమిషన్‌కి 21,000 మందికి పైగా బాధితులు వాంగ్మూలం ఇచ్చారు. క్షమాభిక్ష దరఖాస్తులు ఏడు వేలు దాటాయి, ఎక్కువ భాగం తిరస్కరించారు. తిరస్కరించినవాళ్లనైనా కోర్టుకి ఈడ్చారా అంటే, దాదాపు లేదు. పరిహారంగా ఒక్కో బాధితుడికి 30,000 ర్యాండ్లు, ఒకేసారి, 2003లో. టాక్సీ ఆయన మేనత్త ఆ డబ్బుతో ఇంటి పైకప్పు వేయించుకుందట. "సగం కప్పు" అని దిద్దాడు.

నేషనల్ గ్యాలరీలో జేన్ అలెగ్జాండర్ 'బుచర్ బాయ్స్' చూశాను. 1985-86లో, ఎమర్జెన్సీ రోజుల్లో చేసింది. బెంచీ మీద మనిషంత ముగ్గురు, కొమ్ములు, విరిగినట్టున్న తలలు, నోళ్లు లేవు, చెవులు లేవు. కూర్చున్న తీరు మాత్రం బస్సు కోసం ఎదురుచూసే మామూలు మనుషులది. బడిపిల్లలు గుంపుగా వచ్చారు. ఒక పిల్లవాడు వాళ్ల పక్కన ఖాళీలో కూర్చోబోతే గార్డు ఈల వేసినంత పని చేసింది.

గురువారం, డిస్ట్రిక్ట్ సిక్స్

1966 ఫిబ్రవరి 11న ఈ పేటను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, నల్లవాళ్లు, భారతీయులు కలిసి ఉన్న చోటు. తర్వాతి పదిహేనేళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని ఊరవతల ఇసుక పర్రలకి తోలి, చర్చిలు, మసీదులు తప్ప మిగతా ఇళ్లన్నీ నేలమట్టం చేశారు. ఇంత చేసీ ఆ నేల మీద తెల్లవాళ్లు పెద్దగా ఇళ్లు కట్టుకోలేదు. ఒక కాలేజీ వచ్చింది, మిగతాది చాలావరకు గడ్డి.

మ్యూజియం పాత మెథడిస్ట్ చర్చిలో ఉంది, 1994 డిసెంబర్‌లో తెరిచారు. నేల మీద పేట మొత్తం మ్యాప్ చేత్తో గీశారు. పాత నివాసులు వచ్చి వంగి తమ ఇల్లున్న చోట పేరు రాసుకున్నారు. నిచ్చెనలా పైకి వేలాడుతున్నవి పాత వీధుల నామఫలకాలు. సముద్రంలో పారేయమంటే, కూల్చివేత పనిలో ఉన్న ఒక తెల్లాయన వాటిని తన ఇంటి నేలమాళిగలో దాచాడు. మ్యూజియం పెడుతున్నారని తెలిశాక తెచ్చిచ్చాడు. ఆయన చేసింది మంచో చెడో నాకు తేల్చుకోవాలనిపించలేదు. పలుగూ ఆయనదే, పలకలూ ఆయనవల్లే మిగిలాయి.

పేర్ల గుడ్డ పక్కన ఒక మూల చుట్టి ఉంది, కొంత విప్పి వేలాడదీశారు. తెల్లటి ముతక గుడ్డ మీద వచ్చినవాళ్లు పెన్నుతో రాస్తారు, తర్వాత దాని మీద దారంతో కుడతారు. కిలోమీటరు దాటిందట. చేతిరాతలు వంకరగా ఉంటే కుట్టూ వంకరగానే పోయింది, అక్షరదోషం ఉంటే దోషంతో సహా కుట్టారు. ఒక చోట ఇంటి నంబరు కొట్టేసి పక్కన సరైన నంబరు రాశారు. కొట్టివేతని కూడా దారంతో కుట్టారు.

అక్కడ వివరాలు చెప్పే పెద్దాయన ఈ పేటలోనే పుట్టాడు. మ్యాప్ మీద తన వీధి చూపించి, ఏ మూల ఏ కొట్టు ఉండేదో, ఎవరింట్లో ఏ వాసనొచ్చేదో చెబుతూ పోయాడు. ఇవన్నీ రాసుకోవడం వల్ల మనసు కుదుటపడిందా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "దీనివల్ల కేసు గట్టిపడింది" అన్నాడు. ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలియని స్థితిలో భూమి వాపసు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు, నేల మీది ఈ మ్యాప్ దగ్గరికి వచ్చి ఇరుగుపొరుగు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారట. కొన్ని వందల కుటుంబాలకి కొత్త ఇళ్లు వచ్చాయి. మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు, ఎదురుచూస్తూ చాలామంది పోయారు.

మీ దరఖాస్తు సంగతి ఏమైందని అడిగాను. 1998 గడువులోపే పెట్టాడట. ఫైలు నంబరు నోటికి చెప్పాడు, ఫోన్‌లో మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన చివరి మెసేజ్ చూపించాడు, ఈలోగా స్కూలు పిల్లల బస్సు వచ్చింది, వాళ్లకి చెప్పడానికి వెళ్లిపోయాడు.